ఆసుపత్రి గడపలో విద్యార్థి

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో ఏదేని సాహిత్య విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. మా తండ్రిగారు ఈ గ్రామ కరణముగా నుండిరి. 1984లో ఆ యుద్యోగములు రద్దయిన పిదప మా యింట మిగిలినవి దస్త్రముల పెట్టెయు, లెక్కలు వ్రాయు అలవాటును మాత్రమే. ఆ యలవాటుతోనే సహకార సంఘమున గణకుడనై 30 సంవత్సరములుగా మీ యప్పుల పద్దులు వ్రాయుచున్నాను. కావ్యములు గాని, పురాణములు గాని, వైద్యసంహితల తాత్పర్యములు గాని నాకు గురుముఖమున అబ్బినవి కావు. సాయంకాలములయందు ఈ గ్రంథాలయపు బీరువాలనుండి అబ్బినవి. కావున భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పి కూర్చుందునని తలంచితిని. కాని గడచిన వేసవిలో జరిగిన యొక సంగతి నా మనస్సును వేరొక దిక్కునకు త్రిప్పినది. దానినే నేడు మనవి చేసెదను.

ఒకనాటి ఉదయమున మన యూరి కౌలురైతు ఒకరు కుమార్తెతో కూడ సంఘ కార్యాలయమునకు వచ్చిరి. భార్య మెడలోని గొలుసు కాగితములో చుట్టి తెచ్చి, దానిపై 40,000 రూపాయలు అప్పు కావలెననిరి. విత్తనములకా, ఎరువులకా అని అడిగితిని. ఆయన తలవంచుకొనెను. అమ్మాయి ఫోను నా చేతికిచ్చినది.

"మామయ్యగారూ, పట్నంలో పెద్ద ఆసుపత్రిలో నాలుగు వారాలు ఇంటర్న్‌షిప్పట. మాలాంటి ఇంటర్ పిల్లలకే. సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే మెడికల్ సీటు తేలికగా వస్తుందని చెప్పారు" అన్నది.

ఆ ప్రకటనను రెండుమారులు చదివితిని. పిల్లకు పని నేర్పువారెవరో అందులో లేదు. ఏ పని నేర్పుదురో లేదు. రుసుము ఎంతయో, యోగ్యతాపత్రము ఎట్లుండునో మాత్రము రంగులలో నున్నది. "ఈ దినము గొలుసు తూకము వేయను. రెండు దినములు గడువిండు" అని వారిని పంపివేసితిని. ఆ రెండు దినములును ఇచ్చటనే కూర్చుండి, పుస్తకములు తిరుగవేసియు, కంప్యూటరులో వెదకియు, వైద్యురాలిగారినడిగియు తెలిసికొన్నదే నేటి నా యుపన్యాసము.

ముందుగా మాట యొక్క యర్థమును స్థిరపరుచుకొందము. మన దేశమున ఇంటర్న్‌షిప్పనగా, ఎం.బి.బి.ఎస్. పరీక్షలు ముగిసిన పిదప ఆసుపత్రిలో ఒక సంవత్సరము చేయవలసిన శిక్షణము. దానినే మనము హౌస్‌సర్జన్సీ అందుము. నేను చెప్పబోవునది అది కాదు. పాఠశాలయందో, ఇంటర్మీడియెట్టునందో చదువుచున్న పిల్లలు, ఇంకను ఏ మార్గమును ఎన్నుకొనకమునుపే, కొన్ని వారములపాటు ఆసుపత్రియందుగాని వైద్య పరిశోధనశాలయందుగాని పెద్దల ప్రక్కన నిలిచి, చూచి, చేతనైన చిన్నపని చేయుట. ఇది అమెరికా దేశమున చాలకాలమునుండి వాడుకలో నున్నది. 1944లో న్యూజెర్సీ రాష్ట్రమున ఉన్నతపాఠశాల బాలికలు ఎఱుపు తెలుపు చారల పైదుస్తులు తొడుగుకొని ఆసుపత్రిలో రోగులకు సాయపడసాగిరి. ఆ చారలనుబట్టియే వారికి 'కాండీ స్ట్రైపర్లు' అను ముద్దుపేరు కలిగినది. వారు మందులిచ్చినవారు కారు. మంచినీరు అందించిరి, ఉత్తరములు అందించిరి, ఒంటరివారితో మాటలాడిరి.

ఇది పరదేశపు వింత యని త్రోసివేయవలదు. సుశ్రుతసంహితలో సూత్రస్థానమున 'యోగ్యాసూత్రీయము' అను అధ్యాయము గలదు. యోగ్య యనగా అభ్యాసము. శాస్త్రమంతయు చదివినను చేతితో అభ్యసింపనివాడు చికిత్సకు తగడని ఆచార్యుని మతము. అందులకై ఆయన చెప్పిన పాఠములు చూడుడు. కోయుట నేర్చుకొనుటకు గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలు. గ్రుచ్చుట నేర్చుకొనుటకు చచ్చిన పశువుల సిరలు, తామరతూండ్లు. కుట్టు నేర్చుకొనుటకు దళసరి వస్త్రము. కట్టు కట్టుటకు మనిషిని పోలిన బొమ్మ. బ్రతికియున్న మనిషిపై చేయి వేయుటకు ముందు సొరకాయపై చేయి వేయుమనుటలో ఎంత దయ యున్నదో గమనింపుడు.

చరకసంహితలో విమానస్థానమున మఱియొక సంగతి గలదు. రోగియింట అడుగిడు వైద్యవిద్యార్థి ఆ యింటి గుట్టును బయట చెప్పరాదు. రోగి ఆయువు క్షీణించినదని తెలిసినను, ఆ మాట రోగికి గాని అయినవారికి గాని దెబ్బయగుచోట పలుకరాదు. నేడు పరదేశములలో పిల్లలను ఆసుపత్రిలోనికి అనుమతించుటకు ముందు రోగుల రహస్యములు కాపాడుదుమని సంతకము చేయింతురు. కాగితము క్రొత్తది, మాట పాతది.

ఇక పరిశోధనశాలల మాట. 2020వ సంవత్సరమున ముక్కులో పుల్ల పెట్టించుకొనని వారు ఈ సభలో బహుశః తక్కువ. ఆ పరీక్షను ఆర్‌టీ-పీసీఆర్ అంటిమి. పిల్లలు కూడ ఆ పేరు పలుకనేర్చిరి. అందులోని 'ఆర్‌టీ' అను రెండక్షరముల వెనుక ఇద్దరు బడిపిల్లల కథ యున్నది.

అమెరికాలో మెయిన్ అను రాష్ట్రమున, సముద్రతీరమున బార్ హార్బర్ అను చిన్న ఊరు గలదు. 1929లో అచ్చట జాక్సన్ ప్రయోగశాల స్థాపితమైనది. ఎలుకలను పెంచి, వానియందు కలుగు రోగములనుబట్టి మనుష్యుల రోగముల మర్మము తెలిసికొనుట అచ్చటి పని. 1947లో గొప్ప కార్చిచ్చు వచ్చి ఆ ప్రయోగశాల కాలిపోయినది. ఏండ్ల తరబడి తరతరములుగా పెంచిన ఎలుకలు మాడిపోయినవి. అపుడేమి జరిగినదనగా, అంతకుమునుపు ఆ ప్రయోగశాలనుండి ఎలుకలను తీసికొన్న ఇతర ప్రయోగశాలలవారు, వాని సంతతిని తిరిగి పంపి ఆ పెంపకమును నిలువబెట్టిరి. గ్రంథాలయము నడుపువారికి ఈ మాట సులభముగా బోధపడును. ఎరువు ఇచ్చిన పుస్తకమే అగ్నిప్రమాదమునుండి మిగులును.

ఆ యగ్నిప్రమాదము జరిగిన రెండేండ్లకు, 1949 వేసవిలో, ఉన్నతపాఠశాల విద్యార్థులకై ఆ ప్రయోగశాల నడుపు కార్యక్రమమునకు హవర్డ్ టెమిన్ అను బాలుడు వచ్చెను. అతనికి 14 ఏండ్లు. మఱికొన్ని వేసవులు కూడ వచ్చెను. కళాశాల చదువు ముగించి 1955 వేసవిలో అతడు మరల అచ్చట నుండగా, డేవిడ్ బాల్టిమోర్ అను 17 ఏండ్ల బడిపిల్లవాడు క్రొత్తగా చేరెను. పరిశోధకులు పనిచేయుచుండగా కన్నులార చూచుట తనకదియే మొదలనియు, జీవశాస్త్రజ్ఞుడను కావలెనని అచ్చటనే నిశ్చయించుకొంటిననియు బాల్టిమోర్ తరువాత చెప్పుకొనెను. అన్నవంటి టెమిన్‌తో పరిచయము కూడ ఆ వేసవిలోనే కలిగినది.

తరువాత వారి దారులు వేరైనవి. జీవకణమున వంశసమాచారము డి.ఎన్.ఎ. నుండి ఆర్.ఎన్.ఎ.కు నడచునని ఆ కాలమున శాస్త్రజ్ఞుల నమ్మకము. మా దస్త్రముల భాషలో చెప్పవలెనన్న, మూలమునుండి నకలు తీయుదురే గాని నకలునుండి మూలము పుట్టదని. 1970లో వీరిరువురును వేర్వేరు చోట్ల పనిచేయుచు, కొన్ని వైరసులయందు నకలును చూచి మూలమును వ్రాయగల ఎంజైము ఉన్నదని కనుగొనిరి. దానికి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ అని పేరు. 1975లో, రెనాటో డుల్బెకో అను శాస్త్రజ్ఞునితో పాటు, వారికి నోబెల్ బహుమానము లభించినది. బార్ హార్బర్‌లో కలిసికొన్న ఇరువది ఏండ్లకు.

కరోనా వైరసునకు ఉన్నది ఆర్.ఎన్.ఎ. మన ముక్కునుండి తీసిన తేమలో దానిని గుర్తింపవలెనన్న ముందు దానిని డి.ఎన్.ఎ.గా మార్చి, పిమ్మట కోట్లకొలది ప్రతులు తీయవలెను. ఆ మొదటి మార్పు చేయునది ఈ యెంజైమే. ఎక్కడో పరదేశపు తీరమున ఇద్దరు బడిపిల్లలకు వేసవిలో తలుపు తెఱచియుంచిన ఫలము, 70 ఏండ్లకు మన యూరి బడి వసారాలో వరుసగా నిలుచున్న మనకు అందినది.

పరిశోధనయనగానే గాజుగొట్టములు, పెద్ద యంత్రములు ఉండవలెనని భయపడవలదు. ఎమిలీ రోసా అను అమెరికా బాలిక తొమ్మిదేండ్ల వయస్సున బడిలో ప్రదర్శనకై ఒక ప్రయోగము చేసినది. రోగిని తాకకయే, పైన చేయి ఆడించి శరీరపు శక్తిని గ్రహించి నయముచేయుదుమనువారు అచ్చట కొందరుండిరి. ఆ పిల్ల ఒక అట్టను అడ్డముగా నిలిపి, దాని క్రిందనుండి వారి రెండు చేతులను చాపుమన్నది. నాణెము ఎగురవేసి, పడినదానినిబట్టి తన చేతిని వారి కుడిచేతికో ఎడమచేతికో పైన ఉంచి, "నా చేయి ఎటున్నది?" అని అడిగినది. 21 మందిని 280 మార్లు అడిగినది. సరిగా చెప్పినవి 123. కన్నులు మూసికొని ఊహించినను సుమారు 140 రావలెను కదా! 1998లో ఆ ఫలితము అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటితమైనది. అప్పటికి ఆమెకు 11 ఏండ్లు. ఇందులో ఖర్చు ఎంత? ఒక అట్ట, ఒక నాణెము, ఒక నోటుపుస్తకము. కావలసినది నిజాయితీగా లెక్క వ్రాయుట. ఆ పని మన పిల్లలకు రాదని ఎవరనగలరు?

ఆసుపత్రిలో చిన్నపని చేయుట చిన్నతనమని తలంచువారికి మనవాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారిని గుర్తుచేసెదను. 1895లో భీమవరమున జన్మించి, పిమ్మట ఆయన బోస్టను నగరము చేరెను. చదువు సాగించుటకై అచ్చటి ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసెను. ఆయన మార్గదర్శకత్వమున వెలువడిన మందులలో డీఈసీ యొకటి. బోదకాలు నివారణకై ఆశా కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి మనచేత మ్రింగించిన మాత్ర అదియే. రోగుల మలమూత్రపాత్రలు కడిగిన చేతులనుండి ఆ మాత్ర వచ్చినది.

ఇంతవరకు చదివినది చెప్పితిని. ఇక నా యింటి పద్దు ఒకటి విప్పవలసియున్నది.

నా పెద్దకుమారుని నేను వైద్యుని చేయదలచితిని. వానిని అడుగలేదు. పదవ తరగతి కాగానే బై.పి.సి.లో చేర్చితిని. మొదటి పరీక్షలో తప్పగా రెండేండ్లు లాంగ్‌టర్ము శిక్షణకు పంపితిని. సీటు వచ్చిననాడు ఊరందరికి భోజనములు పెట్టితిని. ఈ సభలోనివారు చాలమంది ఆ విస్తళ్లలో భుజించినవారే. రెండవ సంవత్సరము సగములో వాడు ఇంటికి వచ్చి తిరిగి పోలేదు. నెలరోజులు గది దాటలేదు. నేను కోపించితిని, వాని తల్లి ఏడ్చినది. తుదకొకనాడు వాడు, "నాన్నగారూ, ఆసుపత్రి వాసన తగిలితేనే నాకు కాళ్లు వణుకుతాయి. చిన్నప్పటినుంచీ అంతే. మీకెలా చెప్పాలో తెలియలేదు" అన్నాడు.

నేడు వాడు వేరొక యుద్యోగమున సుఖముగా నున్నాడు. నన్నెన్నడు నిందింపలేదు. కాని నాలుగేండ్ల బాల్యము, ఎకరము పొలము పోయినవి. పొలము పోయిన లెక్క వ్రాయగలను. రెండవదాని లెక్క వ్రాయలేను. 16 ఏండ్ల వయస్సున వానిని ఒక వారము ఏ ఆసుపత్రి వసారాలోనైన కూర్చుండబెట్టియున్న, వానికిని నాకును నిజము తెలిసియుండెడిది. అందులకు పైస ఖర్చు లేదు. ఆ తలుపు ఒకటున్నదని నాకు తోచలేదు. వైద్యుల బిడ్డలు ఇంటియందే ఆ వాసనలో పెరుగుదురు. తమకది సరిపడునో లేదో తామే తెలిసికొందురు. మన బిడ్డలకు ఆ గడప దూరము. అందువలననే మనవారు దూరపు కొండలు నునుపని నమ్మి, ప్రకటనలు చూచి గొలుసులు తాకట్టు పెట్టుచున్నారు.

మూడవదినమున ఆ రైతును, కుమార్తెను పిలిపించి తెలిసిన సంగతులు చెప్పితిని. మన దేశమున ఎం.బి.బి.ఎస్. సీటు నీట్ పరీక్షలోని స్థానమునుబట్టి వచ్చును. కొనుక్కొన్న యోగ్యతాపత్రమునకు అందులో ఒక్క మార్కు లేదు. అది వచ్చునని చెప్పుట చెట్టుపేరు చెప్పి కాయలమ్ముటయే. పరదేశమునను మేలైన స్థానములయందు పిల్లలవద్ద సొమ్ము తీసికొనకపోగా, కొన్నిచోట్ల వారికే భత్యమిత్తురు. అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థలు ఏండ్ల తరబడి అట్లే చేసినవి. కాని 2025 వేసవికి ఆ కార్యక్రమమును రద్దుచేసినవి. అంత పెద్ద తలుపులు కూడ ఒక్కొక్కప్పుడు మూతపడును. మన యూరి తలుపు మనచేతిలో నున్నది.

గొలుసు తల్లి మెడకు తిరిగిపోయినది. అమ్మాయిని వెంటబెట్టుకొని నేను ఆరోగ్య కేంద్రమునకు పోతిని. వైద్యురాలిగారు వెంటనే ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకపోవుటయే నాకు ధైర్యమిచ్చినది. తండ్రి సంతకము, పై యధికారుల యనుమతి వచ్చిన పిమ్మట ఆమె షరతులు చెప్పిరి. సూదిని ముట్టరాదు. రక్తము తగిలిన దూదిని ముట్టరాదు. రోగికి మందు ఇయ్యరాదు, సలహా చెప్పరాదు. 18 ఏండ్లు నిండనివారికి ఎక్స్-రే గదిలో పని లేదు. దగ్గు రోగులవద్ద మాస్కు తీయరాదు. రోగి వలదన్నచో ఆ క్షణమే బయటకు రావలెను. ఫోటోలు తీయరాదు. ఇచ్చట విన్న పేరు ఇంటిలో తల్లితోనైనను చెప్పరాదు. మొదటి వారమంతయు చేతులు కడుగుకొనుటయు, ఏ చెత్త ఏ రంగు సంచిలోనికి పోవునో తెలిసికొనుటయు నేర్పిరి. రక్తపు దూది పసుపు సంచికి, ప్లాస్టికు గొట్టములు ఎఱ్ఱ సంచికి, సూదులు గ్రుచ్చుకొననట్టి తెల్ల డబ్బాకు, గాజుసీసాలు నీలిపెట్టెకు.

రెండవ వారమున ఒకనాడు పుండునకు కట్టు మార్చుచుండగా చూచి అమ్మాయికి కన్నులు చీకట్లు క్రమ్మినవి. వైద్యురాలిగారు కూర్చుండబెట్టి నీళ్లిచ్చి, "మొదటిసారి నాకూ ఇలాగే అయింది. రేపు రావాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో" అనిరి. మఱునాడు ఎనిమిదిన్నరకే ఆ పిల్ల గేటువద్ద నున్నది. నా కుమారునికి లభింపని ప్రశ్న అదియే.

మూడవ వారమున ఆమెకొక పని అప్పగించిరి. రక్తపోటు మాత్రలు నెలనెల తీసికొనువారిలో తిరిగి రానివారెందరో, పేర్లు వ్రాసికొనక, గీతలు గీచి లెక్కింపుమనిరి. గీతలు కట్టలు కట్టినవి. ఎందుకు రాలేదని ఆశా కార్యకర్త వెళ్లి అడుగగా, తలతిరుగుట తగ్గినది గదా యని మాత్రలు మానివేసినవారు కొందరు, కోతపనులలోబడి తేదీ మఱచినవారు కొందరు. నేడు మాత్రల కవరుపై మరల రావలసిన తేదీ పెద్ద యక్షరములతో వ్రాయుచున్నారు. చదువురానివారికి, తలతిరుగుట తగ్గినను మాత్ర మానరాదని అప్పగింతలు పెట్టుచున్నారు. ఇది నోబెల్ బహుమానమునకు తగిన పరిశోధన కాదు. కాని మన యూరి ముసలివారిలో ఒకరిద్దరికి పక్షవాతము తప్పినచో, ఆ గీతల పుస్తకమునకు అంతకంటె యోగ్యతాపత్రమేల? నెల చివర ప్రయోగశాల సహాయకుడు సూక్ష్మదర్శినిలో రక్తపు చుక్క చూపగా, ఆ పిల్ల చాలసేపు కన్ను తీయలేదట. ఆమె వైద్యురాలగునో, పరిశోధకురాలగునో నేను చెప్పజాలను. తెలిసి ఎన్నుకొనునని మాత్రము చెప్పగలను.

కావున ఈ రజతోత్సవ సందర్భమున పాలకవర్గమువారికి నా విన్నపములు మూడు. ఒకటి: ప్రతి వేసవియందు నలుగురు విద్యార్థులను ఈ గ్రంథాలయము పేర ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. రుసుము వలదు, సిఫారసు వలదు. చదువులేని యింటి బిడ్డకు మొదటి స్థానము. రెండు: వారు వ్రాసిన నోటుపుస్తకములను, రోగుల పేర్లు లేకుండ చూచి, ఈ బీరువాలో భద్రపరుపవలెను. మూడు: పరిశోధనశాలలకు పోగోరువారికి దారి చూపవలెను. మన హైదరాబాదులోని సీసీఎంబీ విద్యార్థులకై తలుపులు తెఱచు దినములు గలవు. అది సీఎస్ఐఆర్ క్రింది సంస్థ. 2017లో సీఎస్ఐఆర్ ప్రయోగశాలలకు బడిపిల్లలను చేర్చుటకై ఆరంభించిన కార్యక్రమమునకు 'జిజ్ఞాస' యని పేరు పెట్టిరి. తెలిసికొనవలెనను కోరిక యని అర్థము. ఆ పేరు విన్నపుడు నాకు పరమానందమైనది. అట్టి ప్రకటనలను గోడపై అంటించు బాధ్యత నాది.

తల్లిదండ్రులకొక మాట. బిడ్డను వైద్యుని చేయదలచుట తప్పుకాదు. చేయుటకు ముందు ఒక నెల ఆ గడపలో నిలువనిండు. వాడు వెనుకకు వచ్చినచో కోపింపకుడు. అప్పుడు వచ్చిన నష్టము ఒక్క నెల మాత్రమే.

నలుగురి పేర్లు వ్రాయుటకు క్రొత్త దస్త్రము ఒకటి కుట్టి తెచ్చితిని. అది ఈ బల్లపై నున్నది. మొదటి పుట ఖాళీగా నున్నది. సభ ముగిసిన పిదప పిల్లలు వచ్చి వ్రాయవచ్చును.